హోడర్ సంగతి నాకు పుస్తకంలోనే తెలియాల్సింది

జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ రాస్తున్న 'ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్' నవలల్లో మొదటి పుస్తకం 1996లో వచ్చింది. ఐదోది 2011 జూలైలో. ఆరోది ఇంకా రాలేదు. వాటి ఆధారంగా అదే 2011 ఏప్రిల్‌లో మొదలైన టీవీ సీరియల్ 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' మాత్రం 2019 మే కల్లా కథంతా చెప్పేసి చేతులు దులుపుకుంది. పుస్తకాలు చదువుతూ వచ్చినవాళ్లకు ఇది ఎంత కడుపుమంటో చెప్పుకోవడానికి నల్లగొండలో నాకు తోడు ఎవరూ దొరకలేదు.

ఆ పుస్తకాలను అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద బేరమాడి ఒక్కొక్కటే కొనుక్కున్నాను. బస్సులో చౌటుప్పల్ దాకా చదివి, నార్కట్‌పల్లిలో నల్లగొండ రోడ్డు ఎక్కాక చీకట్లో ఆపేసేవాణ్ని. వెనక పేజీల్లో ఏ వంశంలో ఎవరెవరో పెద్ద జాబితా ఉంటుంది. కథలో ఎవరైనా చనిపోతే ఆ పేరు పెన్సిల్‌తో కొట్టేసేవాణ్ని. మూడో పుస్తకంలో ఆ పేజీలు నల్లబడిపోయాయి.

అందులో హోడర్ అని ఒకతను ఉంటాడు. నడవలేని పిల్లవాణ్ని వీపున మోస్తాడు, తన పేరు తప్ప ఇంకో మాట రాదు. ఎందుకలా అయ్యాడో మార్టిన్ మొదటి పుస్తకం నుంచీ గుట్టుగా ఉంచాడు. 2016 మేలో ఆ గుట్టు టీవీలో బయటపడింది. అది మార్టిన్ తమకు ముందే చెప్పిన విషయమని సీరియల్ తీసినవాళ్లే అన్నారు. ఆ రోజు మిర్యాలగూడ నుంచి మా బావ ఫోను: "ఏం బామ్మర్ది, హోడర్ ఎందుకట్లయిండో సూశినవా?" వద్దు బావా అనేలోపే చెప్పేశాడు. ఆయన్ను ఏమనగలను, ఊరంతా అదే మాట.

పుస్తకాలు అయిపోయాక సీరియల్‌కు మజిలీలు తెలుసు గానీ దారి తెలియలేదు. సీజన్‌కు పది ఎపిసోడ్లు ఉండేవి, చివరికి ఏడు, ఆరు అయ్యాయి. సింహాసనం కోసం వచ్చిన రాణి డెనేరిస్ నగరాన్ని తగలబెట్టడం పుస్తకంలోనూ జరగొచ్చు. కానీ ఆ మనిషి అంత దూరం రావడానికి వందల పేజీలు కావాలి, ఇక్కడ ఒక్క గంటలో అయిపోయింది.

మన భారతం కూడా సగంలో ఆగిందే. నన్నయ అరణ్యపర్వం మధ్యలో వదిలేస్తే, తిక్కన విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు, ఆ మిగిలిన ముక్క తర్వాత ఎర్రన పూరించాడు. వాళ్ల ముందు వ్యాసుడి మూలం పూర్తిగా ఉంది. సీరియల్‌వాళ్లకు మూలమే సగం. అలాంటప్పుడు జపాన్‌వాళ్లు 'ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్' అనే బొమ్మల కథకు చేసిన పని నయం. ఆ కథ ఇంకా నడుస్తుండగానే 2003లో యానిమే, అంటే టీవీ కార్టూన్ సీరియల్, మొదలుపెట్టి, దానికి వేరే ముగింపు పెట్టుకున్నారు. 2009లో అసలు కథతో మళ్లీ తీశారు. రచయిత్రి దాచుకున్నది పాఠకులకు చెడకుండా దక్కింది.

నాకు మిగిలింది కేట్లిన్, హోడర్ మోసిన ఆ పిల్లవాడి తల్లి. పుస్తకంలో ఆమె చచ్చి లేచి పగ తీర్చుకుంటూ తిరుగుతోంది, సీరియల్‌లో ఆ ఊసే లేదు. ఆరో పుస్తకం వచ్చిన రోజు ముందు ఆమె ఏ పేజీలో ఉందో వెతుక్కుంటాను.