చప్పుడు లేకుండా కారే ట్యాంకు

కనిగిరిలో పామూరు రోడ్డు మీద మాది శానిటరీ సామాన్ల కొట్టు. నాన్న పెట్టింది, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. కమోడ్‌లు, టైల్స్ అమ్మే పెద్ద షోరూములు వేరే ఉన్నాయి. మా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది చేతిలో క్యారీబ్యాగుతో వస్తారు. అందులో ఇంకా తడి ఆరని ప్లాస్టిక్ సామాను ఒకటి ఉంటుంది. దాన్ని కౌంటరు మీద పెట్టి "అన్నా, ఇలాంటిదే కావాలి" అంటారు. ఎక్కువసార్లు అది లెట్రిన్ ఫ్లష్ ట్యాంకు లోపలి వాల్వు.

మా వైపు సంగతి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. ఇవి నీళ్లకు మొహం వాచిన ఊళ్లు. కనిగిరి ఫ్లోరైడ్ గురించి పేపర్లలో చదివే ఉంటారు. బోరు వేస్తే పడుతుందో లేదో దేవుడికెరుక, పడినా ఆ నీళ్లు తాగడానికి చాలాచోట్ల పనికిరావు. ఎండాకాలం వస్తే వాడకం నీళ్లు కూడా ట్యాంకరు తోలించుకోవాల్సిందే. బిందె దింపేటప్పుడు నాలుగు చుక్కలు ఒలికితే ప్రాణం ఉసూరుమనే ఇంట్లోనే, బాత్‌రూములో తెల్ల ట్యాంకు అడుగు నుంచి రాత్రీ పగలూ నీళ్లు జారిపోతుంటాయి. ఎవరికీ కనపడవు, వినపడవు. నాకు కోపం వచ్చేది అక్కడే. వాడుకునేవాళ్ల మీద కాదు, ఆ వాల్వును అలా చేసినవాళ్ల మీద.

పోయిన వేసవిలో వెలిగండ్ల వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తూ ఊళ్లో అమ్మానాన్నలకు మంచి ఇల్లు కట్టించాడు.

"రాత్రి మోటారేసి పండుకుంటే తెల్లారేసరికి పైట్యాంకు సగానికొస్తా ఉంది అబ్బాయ్. గోడలో పైపు పగిలిందని మేస్త్రీ టైల్స్ కూడా పగలగొట్టాడు. చూస్తే పైపు బానే ఉంది" అంది.

"లెట్రిన్ ట్యాంకులో నుంచి కమోడ్‌లోకి ఏమన్నా జారతా ఉన్నాయేమో చూశారా పెద్దమ్మా?"

"జారితే కనపడదా?"

కనపడదు. కమోడ్ వెనక గోడ వెంట పలచగా దిగే నీళ్లు తెల్ల పింగాణీ మీద ఆనవు. చప్పుడూ ఉండదు. మా ప్లంబరు కుర్రాడు వెళ్లి ట్యాంకు మూత తీసి చూస్తే వాల్వు కింద రబ్బరు రింగు పోయి ఉంది. కొత్తది వేశాక పైట్యాంకు నీళ్లు నిలబడ్డాయి. ఆ రింగు ఖరీదు వాళ్లు పగలగొట్టించిన ఒక్క టైలు ఖరీదు కూడా చెయ్యదు.

ఆ రింగు ఏం చేస్తుందో చెప్తాను. ఇప్పుడొచ్చే ట్యాంకులన్నిట్లో దాదాపు ఒకటే పద్ధతి. ట్యాంకు అడుగున పెద్ద బెజ్జం ఉంటుంది. దాని మీద వాల్వు కూర్చుంటుంది, ఆ వాల్వు కింద కుక్కర్ గ్యాస్కెట్ లాంటి చిన్న రింగు. బటన్ నొక్కితే వాల్వు పైకి లేస్తుంది, నీళ్లన్నీ ఒక్కసారిగా దిగిపోతాయి, ఖాళీ అయ్యాక వాల్వు మళ్లీ తన చోట కూర్చుంటుంది. ట్యాంకు నిండా ఉన్న నీళ్లను ఇరవై నాలుగు గంటలూ పట్టి ఉంచేది ఆ రింగు ఒక్కటే. అది కూడా నీళ్ల అడుగున, చీకట్లో, ఎవరూ చూడని చోట ఉంటుంది.

పాత రింగు ఎవరైనా తెస్తే దాన్ని వేలితో రుద్ది చూస్తాను. క్లోరిన్ కలిపిన పైపు నీళ్లు వాడే ఇంటిదైతే వేలికి నల్లగా మసి అంటుకుంటుంది. రబ్బరు ఉబ్బి, అంచు అలలు అలలుగా లేచి ఉంటుంది. బోరు నీళ్లు వాడే ఇంటిదైతే రబ్బరు గట్టిపడి, అది ఆనే చోట గుండ్రంగా లోతైన గీత పడి, ఆ గీతలో సున్నం తెల్లగా పేరుకుని ఉంటుంది. గోటితో గీరితే పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. ఆ రెండు పెచ్చుల మధ్య వెంట్రుకవాసి సందు ఉన్నా చాలు, నీళ్లకు దారి దొరికినట్టే.

ఆ సందు నుంచి ఎంత పోతుందని అడుగుతారు. నిమిషానికి ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్లు అనుకుందాం. రోజుకు 288 లీటర్లు. నెలకు 8,640 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకరు తోలించుకునే ఇంట్లో ఇది ఒకటిన్నర ట్యాంకరు పైమాటే. డబ్బు పెట్టి కొన్న నీళ్లు నేరుగా సెప్టిక్ ట్యాంకులోకి. దాంతో సెప్టిక్ ట్యాంకు కూడా తొందరగా నిండుతుంది, ఆ ఖర్చు వేరే.

ఇంతకంటే మెరుగైన పద్ధతి ఒకప్పుడు మన దగ్గరే ఉండేది. పాత సర్కారు ఆఫీసుల్లో, రైల్వే క్వార్టర్లలో గోడకు బాగా ఎత్తున బిగించిన ఇనప ట్యాంకు, దానికి వేలాడే గొలుసు గుర్తున్నాయా? నాన్న కొట్లో ఆ ట్యాంకుల సామాన్లు మూల గదిలో చాలాకాలం ఉండేవి. దాని లోపల నిలువు పైపు ఒకటి ఉంటుంది, ఆ పైపు మూతి నీటి మట్టం కంటే పైన ఉంటుంది. దాని మీద గంట ఆకారంలో బరువైన ఇనప మూత బోర్లించి ఉంటుంది. గొలుసు లాగితే మూత లేస్తుంది, వదిలితే బరువుకి దబ్బున కిందపడి లోపలి నీళ్లను పైపు మూతి మీదుగా తోస్తుంది. ఒకసారి నీళ్లు పైపులోకి పొర్లాయంటే ఇక సైఫన్ పట్టుకుంటుంది, అంటే ముందు దిగే నీళ్లే వెనక నీళ్లను లాక్కుపోతాయి, ట్యాంకులో నీళ్లు అయిపోయి కిందనుంచి గాలి చొరబడేదాకా లాగుతూనే ఉంటుంది.

ఇందులో నీళ్లను ఆపి ఉంచే రబ్బరు ఎక్కడా లేదు. పైపు మూతి నీళ్లకు పైన ఉంది కాబట్టి వాటంతట అవి కిందకు జారడానికి దారే లేదు. పాతబడితే గొలుసు ఒకసారి లాగితే పడదు, రెండు మూడుసార్లు లాగాలి. అంటే చెడిపోయిన సంగతి మనిషికి వెంటనే తెలుస్తుంది, విసుగొచ్చి బాగు చేయించుకుంటాడు. నీళ్లు మాత్రం పోవు. ఏ వాల్వునైనా నేను ఎంచే పద్ధతి ఇదే. బాగున్నప్పుడు అన్నీ బాగానే పనిచేస్తాయి. చెడిపోయినప్పుడు మనకు చెప్పి చెడిపోతుందా, చెప్పకుండా చెడిపోతుందా అన్నది చూడాలి.

ఈ సైఫన్ ట్యాంకు ఇంగ్లండు సరుకు. లండన్‌లో శానిటరీ వ్యాపారం చేసిన థామస్ క్రాపర్ కనిపెట్టాడని చాలామంది చెప్తారు గానీ, అప్పుడు పేరుపడ్డ చప్పుడు చెయ్యని సైఫన్ ట్యాంకుకు 1898లో పేటెంటు వచ్చింది ఆల్బర్ట్ గిబ్లిన్ అనే ఆయన పేరు మీద. నీళ్లు వృథా పోకూడదనే బ్రిటన్‌లో దశాబ్దాల తరబడి ఇళ్లలో సైఫన్ ట్యాంకులే పెట్టాలన్నారు. అడుగున వాల్వు ఉండే ట్యాంకులకు అక్కడ అనుమతి దొరికింది 2001 జనవరి 1 నుంచే. అనుమతి ఇచ్చినప్పుడు ఫ్లష్‌కు 6 లీటర్లు దాటకూడదన్నారు. తీరా ఇప్పుడు అక్కడి నీటి సంస్థలే, మీ టాయిలెట్ కారుతోందేమో చూసుకోండని జనానికి చెప్పుకుంటున్నాయి.

కొత్త వాల్వులో మంచి లేదని అనను. రెండు బటన్ల ఫ్లష్ గొప్ప ఆలోచన. 1980లో ఆస్ట్రేలియాలో కరోమా కంపెనీలో బ్రూస్ థాంప్సన్ చేసిన ట్యాంకులో పెద్ద ఫ్లష్‌కు 11 లీటర్లు, చిన్నదానికి 5.5 లీటర్లు పడేవి. ఇప్పుడు 6, 3 లీటర్లకు వచ్చింది. ఆస్ట్రేలియా కూడా కరువు తెలిసిన దేశమే. కానీ లెక్క చూడండి. చిన్న బటన్ నొక్కిన ప్రతిసారీ మిగిలేది 3 లీటర్లు. పైన చెప్పిన కారుడు ఒక్కరోజుకు 288 లీటర్లు. అంటే 96 సార్లు జాగ్రత్తగా చిన్న బటన్ నొక్కి మిగిల్చుకున్నది, పోయిన రింగు ఒక్క రోజులో మింగేస్తుంది. ఆ రింగు మీద శ్రద్ధ పెట్టకుండా డబ్బా మీద "నీటి ఆదా" అని ఆకుపచ్చ బొమ్మ వేస్తే ఏం లాభం?

ఇంకొకటి కూడా తీసేశారు. పాత ట్యాంకుకు పక్కన పొర్లు పైపు ఉండేది, దాన్ని గోడలోంచి బయటకు పెట్టేవాళ్లు. ట్యాంకు నిండగానే నీళ్లు కట్టెయ్యాల్సిన బాల్ కాక్ ఆగకపోతే నీళ్లు సందులో పడేవి. దారిన పోయేవాళ్లు కూడా "మీ ట్యాంకు పొర్లతా ఉంది" అని కేకేసి చెప్పేవాళ్లు. ఇప్పుడు ఆ పొర్లు పైపును వాల్వు మధ్యలోనే పెట్టి నేరుగా కమోడ్‌లోకి దింపేశారు. గోడకు బెజ్జం తప్పింది, చూడ్డానికి నీటుగా ఉంది. నీళ్లు లోపలికి వచ్చే వాల్వు చెడినా, బయటకు పోయే వాల్వు చెడినా, రెండూ ఎవరికీ తెలియకుండా ఒకే చోటికి పోతున్నాయి.

లోపలికి వచ్చే వాల్వు సంగతీ చెప్పాలి, ఎందుకంటే మేడ మీద బాత్‌రూము ఉన్నవాళ్లు దీనితోనే ఎక్కువ ఇబ్బంది పడతారు. పాత బాల్ కాక్‌లో ఒక బంతి, ఒక ఇత్తడి కడ్డీ. నీళ్లతో బంతి లేచే కొద్దీ కడ్డీ రెండో కొస చిన్న వాషరును బెజ్జానికి అదుముతుంది. కొత్తవాటిలో బంతి లేదు. చిన్న ఫ్లోటు, లోపల డయాఫ్రం అనే పలచని రబ్బరు పొర, దానికి సూదిమొనంత బెజ్జం. ఆ బెజ్జం గుండా వెళ్లిన నీళ్ల ఒత్తిడే డయాఫ్రంను మూస్తుంది. పైపులో ప్రెషర్ బాగా ఉన్నచోట ఇది చప్పుడు లేకుండా చక్కగా పనిచేస్తుంది.

మన ఇళ్లలో ప్రెషర్ ఎక్కడిది? 10 మీటర్ల ఎత్తు నీళ్లుంటే వచ్చే ఒత్తిడి ఒక బార్. స్లాబు మీద పెట్టిన ట్యాంకు నుంచి సరిగ్గా దాని కింద బాత్‌రూముకు దిగే నీళ్లకు రెండు రెండున్నర మీటర్ల ఎత్తు కూడా కష్టం. అంటే పావు బార్. కొన్ని రకాల డయాఫ్రంలు ఆ పాటి ఒత్తిడికి పూర్తిగా మూసుకోవు, నిండటానికీ చాలాసేపు పడుతుంది. దానికి తోడు బోరు ఇసుక. సూదిమొన బెజ్జంలో ఒక్క రేణువు ఇరుక్కుంటే ఇక వాల్వు మూసుకోవడం ఉండదు. పై అంతస్తుకు వాల్వు కావాలని వస్తే నేను తక్కువ ప్రెషర్‌కు పనికొచ్చే కడ్డీ రకమే ఇస్తాను. డయాఫ్రం రకమే కావాలంటే లోపలికి వచ్చే మూతిలో జాలీ ఉందో లేదో చూసి ఇస్తాను.

మీ ఇంట్లో కారుతోందో లేదో తెలుసుకోవడానికి ప్లంబరు అక్కర్లేదు. రాత్రి అందరూ పడుకునే ముందు ట్యాంకు మూత తీసి, బట్టలకు వేసే నీలిమందు నాలుగు చుక్కలు వెయ్యండి. అరగంట ఎవరూ ఫ్లష్ చెయ్యకూడదు. కమోడ్‌లో నీళ్లు నీలంగా మారితే కారుతున్నట్టే. ఏ వాల్వో తెలియాలంటే గోడ దగ్గర యాంగిల్ కాక్, అంటే ట్యాంకుకు నీళ్లొదిలే చిన్న కుళాయి కట్టేసి, నీటి మట్టం దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టి పొద్దున చూడండి. గీత కంటే దిగితే అడుగు రింగు. దిగకుండా నిలబడితే, కాక్ తిప్పాక నీళ్లు పొర్లు పైపు మూతిదాకా వచ్చి అందులోకి పోతుంటే లోపలికి వచ్చే వాల్వు.

రింగు కొనే ముందు బటన్ కింద కడ్డీలు కూడా చూడండి. అవి కాస్త పొడుగ్గా సెట్ చేసి ఉంటే మూత పెట్టగానే బటన్ కొంచెం నొక్కినట్టే ఉండిపోతుంది, వాల్వు ఎప్పటికీ పూర్తిగా కూర్చోదు. మర తిప్పి పొట్టి చేస్తే సరిపోతుంది, పైసా ఖర్చు లేదు. సున్నం పడితే నిమ్మ ఉప్పు గోరువెచ్చటి నీళ్లలో కలిపి వాల్వును ఒక పూట నానబెట్టండి. గచ్చు కడిగే యాసిడ్ మాత్రం ట్యాంకులో పొయ్యొద్దు, లోపలి బోల్టులు తినేస్తుంది. అందులోనూ బ్లీచింగ్ వేసిన నీళ్లలో పోస్తే విషవాయువు వస్తుంది. వాసన కోసమని ట్యాంకులో వేసే క్లోరిన్ బిళ్లలు కూడా రబ్బరుకు చేటు.

కంపెనీలను నేను కోరేది పెద్దదేం కాదు. రింగును విడిగా అమ్మండి. చాలా మోడళ్లకు రింగు దొరకదు, మొత్తం సెట్టు కొనాలి. నాలుగేళ్లు పోతే ఆ సెట్టు కూడా మార్చేస్తారు, పాత ట్యాంకుకు కొత్త సెట్టు పట్టదు. ఆ పెద్దావిడ లాంటివాళ్లకు రెండే దారులు మిగులుతాయి, కొత్త ట్యాంకు కొనడమో, కారేదాన్ని కారనివ్వడమో. ఎక్కువమంది రెండోదే చేస్తున్నారు. ట్యాంకు మూత లోపలి వైపు రింగు కొలత, మోడల్ నంబరు చెరిగిపోకుండా అచ్చు వేస్తే మాలాంటి కొట్లవాళ్లకు సగం పని తప్పుతుంది.

అది జరిగేదాకా, కొత్త ట్యాంకు కొనేటప్పుడు బిల్లుతో పాటు రెండు రింగులు కూడా అడిగి తీసుకోండి, దొరకవని చెప్తే ఆ మోడల్ వదిలెయ్యండి. పాతదానికి రింగు కావాలంటే ఫోన్‌లో ఫొటో తీసి తేవద్దు, ఫొటోలో కొలత తెలియదు. యాంగిల్ కాక్ కట్టేసి, ట్యాంకు ఖాళీ చేసి, వాల్వును ఎడమకు తిప్పి చూడండి, చాలావాటిలో అది ఊడి చేతికొస్తుంది. దాన్నే క్యారీబ్యాగులో వేసుకుని రండి.