ఉరవకొండ గాలి

ఆషాఢంలో అనంతపురం నుంచి ఉరవకొండ బస్సెక్కాను. ఇంట్లో చెప్పింది పెన్నహోబిలం నరసింహస్వామి దర్శనమని. అసలు పని గాలిమరలు చూడటం. అక్కడ మా పిన్ని కొడుకు టెక్నీషియన్.

ఊళ్లో వాటిని 'ఫ్యాన్లు' అంటారు. రోడ్డు మీంచి చూస్తే బద్ధకంగా తిరుగుతున్నట్టే ఉంటాయి. కిందకెళ్లి నిలబడ్డాక తెలిసింది. రెక్క దిగినప్పుడల్లా బుస్సుమని చప్పుడు, దాని నీడ శనక్కాయ చేను మీదుగా సర్రున పోవడం. నాకైతే రెండు నిమిషాలకే తల తిరిగింది.

తమ్ముడు టవర్ తలుపు తీశాడు. "పైన పుట్టేది 690 వోల్టులే అన్నా. ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని 33 వేలు చేస్తుంది. సబ్‌స్టేషన్‌లో 2 లక్షల 20 వేలు చేసి గ్రిడ్‌కు ఎక్కిస్తాం." అంతే విద్యుత్తు పంపేటప్పుడు వోల్టేజీ పెరిగితే తీగలో పారే ఆంపియర్లు తగ్గుతాయి, వేడిగా పోయే నష్టమూ తగ్గుతుంది.

కానీ నేను ఎక్కువసేపు నిలబడిపోయింది కంట్రోల్ రూమ్‌లో. రేపటి గాలికి ఇవాళే లెక్క కట్టాలట! రోజుని 15 నిమిషాల చొప్పున 96 ముక్కలు చేసి, ఏ ముక్కలో ఎన్ని మెగావాట్లు వస్తాయో రాష్ట్రం గ్రిడ్‌ను నడిపే విజయవాడలోని లోడ్ డెస్పాచ్ సెంటర్‌కు ముందే చెప్పాలి. దాన్ని బట్టే వాళ్లు బొగ్గు ప్లాంట్లను తగ్గించడమో పెంచడమో చేస్తారు. లెక్క మరీ తప్పితే జరిమానా. గోడ మీద గ్రిడ్ ఫ్రీక్వెన్సీ అంకె 50 హెర్ట్జ్ చుట్టూనే కదులుతోంది; పుట్టే కరెంటు, వాడే కరెంటు సరితూగకపోతే అది పక్కకు పోతుంది. చూస్తుంటే నాకే టెన్షన్ వచ్చింది.

"అసలు గాలే లేకపోతే?"

"మనమే గ్రిడ్ నుంచి వాడుకుంటాం అన్నా. కంప్యూటర్లకు, రెక్కల కోణం మార్చే మోటార్లకు కరెంటు వద్దా!"

సాయంత్రం టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన నన్ను కంపెనీ మనిషనుకున్నాడు. "మీ ఫ్యాన్లే మబ్బుల్ని తరుముతాండాయి" అన్నాడు. ఫ్యాన్లు రాకముందు నుంచీ ఇది కరువు సీమే కదా అన్నాను. నైరుతి గాలి పడమటి కనుమల దగ్గరే వాన కురిపించేస్తుందని, ఇక్కడికి చేరేసరికి తడి పోయి ఉత్త గాలి మిగులుతుందని, ఆ గాలికే ఇవి తిరుగుతున్నాయని చెప్పాను. ఆయన టీ అయ్యేదాకా విన్నాడు.

"అట్లయితే ఆ కొండల కాడే పెట్టుకోవాల్సింది గదప్పా" అని, ఎగిరిపోతున్న తువ్వాలు పట్టుకుని లేచాడు.