తూత్తుకుడిని నిలబెట్టింది ముత్యమా, శంఖమా?

ముత్యాల నగరం అనగానే మనకు హైదరాబాదే గుర్తుకు వస్తుంది. అయితే అది ముత్యాలు అమ్మిన ఊరే తప్ప ముత్యాలు దొరికిన ఊరు కాదు. ముత్యాలు దొరికిన సముద్రాన్ని ఆనుకుని పెరిగిన పట్టణం తమిళనాడులోని తూత్తుకుడి. చెన్నై నుంచి అక్కడికి వెళ్లే రైలుకు కూడా ముత్తునగర్ ఎక్స్‌ప్రెస్ అనే పేరు పెట్టారు. ఆ పట్టణ చరిత్ర చదివే కొద్దీ నాకు ఒక అభిప్రాయం బలపడింది. ముత్యం ఆ ఊరికి పేరు తెచ్చింది, మతం మార్చింది, సముద్రాలు దాటించి దొరలను రప్పించింది. కానీ నీళ్లలో మునిగి బతికే వారి ఇళ్లలో పొయ్యి ఆరిపోకుండా చూసింది ఎక్కువగా శంఖమే.

మన్నారు సింధుశాఖలో తీరానికి దూరంగా నీటి అడుగున రాతి దిబ్బలు ఉన్నాయి. స్థానికులు వాటిని పార్ అంటారు. ముత్యపు చిప్పలు వాటిని అంటిపెట్టుకుని పెరుగుతాయి. అవి ముదరడానికి నాలుగైదేళ్లు పడుతుంది. ఈలోగా ఇసుక కప్పేసినా, చేపలు తినేసినా ఆ తరం చిప్పలన్నీ పోయినట్టే. అందుకే ముత్యాల వేట ఏటా జరిగేది కాదు, కొన్నిసార్లు మధ్యలో దశాబ్దాలే గడిచిపోయేవి. జరిగిన ఏడాది మాత్రం ఇసుక మీద తాటాకు పాకలతో ఒక ఊరే లేచేది. ఈతగాడు తాడుకు కట్టిన రాతి మీద కాలు మోపి అడుగుకు దిగి, ఒక నిమిషం పాటు చేతికందిన చిప్పలను వల సంచిలో వేసుకుంటే, పైన పడవలో ఉన్న సహాయకుడు అతణ్ణి లాగేవాడు. బ్రిటిష్ కాలంలో తూత్తుకుడి వేటల్లో మూడో వంతు చిప్పలు ఈతగాళ్లకు దక్కేవి; మిగిలినవాటిని ప్రభుత్వం వేల లెక్కన వేలం వేసేది. కొన్నవాడికి లోపల ఏముందో తెలియదు. చిప్పలను ఎండలో కుళ్లబెట్టి, ఈగల పురుగులు మాంసం తినేశాక కడిగి వెతికితే గానీ ముత్యం ఉన్నదీ లేనిదీ తేలదు. రాజుల మెడలో మెరిసిన ముత్యాల వెనుక భరించరాని ఆ కంపు ఉంది.

ఈ దిబ్బల మీద పట్టు కోసమే శతాబ్దాల రాజకీయం నడిచింది. ప్రాచీన కాలంలో ఈ వ్యాపారం సమీపంలోని పాండ్యుల రేవు కొర్కైది. తామ్రపర్ణి మేట వేసి సముద్రం దూరమవడంతో ఆ రేవు మూతపడింది. 1530లలో ముస్లిం వర్తకులతో తగాదా ముదిరినప్పుడు, చిప్పలు తీసే పరవర్ కులస్థులు పోర్చుగీసు వారి రక్షణ కోరి వేల సంఖ్యలో క్రైస్తవం పుచ్చుకున్నారు. 1542లో క్రైస్తవ మత ప్రచారకుడు ఫ్రాన్సిస్ జేవియర్ అక్కడికి చేరేనాటికే వారు బాప్తిస్మం పొంది ఉన్నారు. మనవాళ్ల పాత్ర కూడా ఇందులో ఉంది, అది గర్వపడదగ్గది కాదు: 1544లో వడుగ సైన్యాలు, అంటే ఉత్తరం నుంచి వచ్చిన తెలుగు దండు, ఈ తీరం మీద పడితే జనం కన్యాకుమారి దగ్గర సముద్రంలోని రాళ్ల మీదికి పారిపోయి ఆకలిదప్పులతో అలమటించారని జేవియర్ లేఖలు చెబుతున్నాయి. తరవాతి కాలంలో మదురై నాయకులకు, రామనాథపురం సేతుపతులకు ముత్యాల వేటలో ఈతగాళ్లు మునిగేందుకు వాడే రాళ్లను కొన్నిటిని పన్ను లేకుండా దించే హక్కు ఉండేది. పన్నుకు లెక్క ఆ రాయే.

1658లో డచ్చివారు ఊరిని పట్టుకున్నారు. వారు ప్రొటెస్టెంట్లు, కేథలిక్కు పూజలంటే గిట్టనివారు. అయినా తూత్తుకుడిలోని కేథలిక్కుల మంచుమాత చర్చి ఇప్పటి రూపంలో 1713లో, వారి ఏలుబడిలోనే లేచింది. ఈతగాళ్లను దూరం చేసుకుంటే చిప్ప పైకి రాదన్న భయమే వారిచేత ఓర్పు వహింపజేసిందని నేను అనుకుంటాను. 1825లో ఊరు బ్రిటిష్ వారి చేతికి వచ్చింది.

శంఖం కథలో ఇంత హడావుడి లేదు. అది రాతి మీద కాక ఇసుకలో బతుకుతుంది, ముత్యపు చిప్పలా దశాబ్దాల తరబడి మాయమైపోదు. తీసిన శంఖాలను చెక్కకు చేసిన గుండ్రటి రంధ్రంలో పెట్టి కొలిచేవారు. రంధ్రంలోంచి జారిపోయినది పిల్ల శంఖం కనుక తిరిగి సముద్రంలో వదిలేవారు. నిలిచినవి బెంగాలుకు, ముఖ్యంగా ఢాకాకు చేరి అక్కడి వివాహిత స్త్రీల చేతి గాజులయ్యేవి. బెంగాలు ఇంటింటి ఆచారం తూత్తుకుడి ఈతగాడికి కూలి పెట్టిందన్నమాట. అరుదైన వలంపురి శంఖం, అంటే సుడి కుడివైపు తిరిగినది, దొరికితే దాని ధర వేరు, అది పూజకు వెళ్లేది.

1955లో మొదలైన చివరి విడత ముత్యాల వేట 1961తో ఆగిపోయింది. 1973లో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తూత్తుకుడి సమీపంలోని వేప్పలోడైలో ముత్యాలను పెంచి చూపించారు కానీ, అప్పటికే పట్టణం ఉప్పు మడులు, నూలు మిల్లులు, కొత్త ఓడరేవు వైపు మళ్లింది. శంఖాల కోసం మునిగేవారు మాత్రం ఇప్పటికీ ఉన్నారు. పాత తాడు, రాయి స్థానంలో పడవ మీది కంప్రెసర్ నుంచి గాలి అందించే గొట్టం వచ్చింది.