డీజిల్ లోకో సెకండ్‌మన్‌గా పాసయ్యాను: నా అనుభవం

ఇంగ్లండ్‌లో ఒక హెరిటేజ్ రైల్వేలో, అంటే పాత లైన్‌నీ పాత బండ్లనీ కాపాడి నడిపించే చోట, నేను వాలంటీర్‌ని. ఈ సీజన్‌లో డీజిల్ లోకోల మీద సెకండ్‌మన్‌గా పాసయ్యాను. సెకండ్‌మన్ అంటే క్యాబ్‌లో డ్రైవర్ పక్కనుండే రెండో మనిషి. బోగీలకు లోకో తగిలించడం, విడదీయడం, టోకెన్ (సింగిల్ లైన్ మీద వెళ్లడానికి అనుమతి గుర్తు) అందుకోవడం, సిగ్నళ్లు చూసి చెప్పడం, బండి కదిలాక వెనక్కి చూస్తూ ఉండటం, ఇవన్నీ ఇక నా బాధ్యత మీద చేయొచ్చు. జీతం ఉండదు. వారాంతాల్లోనూ సెలవుల్లోనూ చేసే పని. ఇక్కడున్న మనవాళ్లు కొందరు ఎలా చేరాలి, ఏం చదవాలి, రైల్వేలో పనిచేసిన అనుభవం ఉండాలా అని అడుగుతున్నారు. అందుకే నేను వెళ్లిన దారి రాస్తున్నాను.

అనుభవం అక్కర్లేదు. చలికి తట్టుకోవాలి, నల్లగా మసిబారిన చేతులతో ఇంటికెళ్లడానికి సిద్ధపడాలి, చెప్పింది చెప్పినట్టు చేసే నిదానం ఉండాలి.

చేరిన కొత్తలో నన్ను అందరూ అడిగిన ప్రశ్న ఒకటే. స్టీమ్ ఇంజన్ అంటే అర్థముంది, డీజిల్‌లో ఏముంది, బటన్ నొక్కితే నడిచేదే కదా అని. బ్రిటన్‌లో ఈ మాట చాలాకాలం చాలామంది అన్నారు. 1968 ఆగస్టులో బ్రిటిష్ రైల్ మెయిన్ లైన్ మీద స్టీమ్ బండ్లు ఆగిపోయాయి. స్టీమ్‌ని ప్రేమించినవాళ్లకు అప్పుడు డీజిల్ పగవాడిలా కనిపించింది. దాన్ని దాచుకోవాలన్న ఆలోచన ఎవరికొస్తుంది? అలా ఎన్నో పోయాయి. బ్రిటన్‌లో మొట్టమొదటి మెయిన్ లైన్ డీజిల్ లోకో, 10000 నంబరుది, 1947 డిసెంబరులో పట్టాలెక్కింది. దాన్నీ, దాని జోడీ 10001నీ తుక్కు కింద ముక్కలు చేసేశారు. బేబీ డెల్టిక్ అనే రకం పది తయారైతే ఒక్కటీ మిగల్లేదు. తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. ఇంకో సంగతి: 1960 జూన్‌లో లీడ్స్‌లోని మిడిల్టన్ రైల్వేలో వాలంటీర్లు నడిపిన మొదటి స్టాండర్డ్ గేజ్ ప్యాసింజర్ బండిని లాగింది ‘జాన్ ఆల్కాక్’ అనే చిన్న డీజిల్ షంటర్ (యార్డులో బోగీలను అటూ ఇటూ జరిపే లోకో). అంటే పాత రైళ్లను కాపాడే ఈ ఉద్యమం మొదలైన రోజుల్లోనే డీజిల్ ఉంది. ఈ ముక్క నేను కనబడినవాళ్లందరికీ చెబుతుంటాను.

మా షెడ్‌లో నాకు అప్పజెప్పింది క్లాస్ 37 రకం లోకో. ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ కంపెనీ 1960 నుంచి 1965 దాకా ఇలాంటివి 309 తయారుచేసింది. వీటిలో ఎక్కువ భాగం న్యూటన్-లె-విల్లోస్ ఊళ్లోని వల్కన్ ఫౌండ్రీలో పుట్టాయి. 1853 ఏప్రిల్ 16న బోరీబందర్ నుంచి ఠాణేకి నడిచిన మన మొదటి ప్యాసింజర్ బండి ఇంజన్లు కూడా ఆ ఫౌండ్రీవే. ఈ సంగతి తెలిసిన రోజు నేను లోకో పక్కన కాసేపు ఊరికే నిలబడిపోయాను. 12 సిలిండర్ల వి ఆకారపు ఇంజన్, 1,750 హార్స్‌పవర్, ఆరు ఇరుసులకు ఆరు ట్రాక్షన్ మోటార్లు. ఇంజన్ చక్రాలను నేరుగా తిప్పదు. అది జనరేటర్‌ని తిప్పుతుంది, ఆ కరెంటుతో మోటార్లు చక్రాలను తిప్పుతాయి. ఆరు దశాబ్దాలు దాటినా వీటిలో కొన్ని ఇప్పటికీ మెయిన్ లైన్ మీద డ్యూటీ చేస్తున్నాయి.

మొదటి మెట్లు తేలికగానే గడిచాయి. సభ్యత్వం తీసుకున్నాను. డాక్టర్ పరీక్ష జరిగింది. చూపు, వినికిడి, ముఖ్యంగా రంగుల పరీక్ష. చుక్కల బొమ్మల్లో దాగిన అంకెలు చదివించారు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లను క్యాబ్ పనికి తీసుకోరు. అలాంటివాళ్లకు షెడ్‌లో కావలసినంత పని ఉంటుంది. ఆ తరవాత పట్టాల మీద ఎలా నడవాలో నేర్పే శిక్షణ. పట్టా మీద కాలు పెట్టకూడదు, పాయింట్ల (బండిని ఇంకో దారికి మళ్లించే కదిలే పట్టాల) మధ్య అడుగు వేయకూడదు, ఆగి ఉన్న బోగీల చివరకు మరీ దగ్గరగా దాటకూడదు. ఇవి ఒంటికి పట్టేదాకా ఎవరో ఒకరు వెంట ఉంటారు.

అసలు చదువు చలికాలంలో మొదలైంది. బండ్లు నడవని నెలల్లో లోకోలను విప్పి చూస్తారు. నాకు నేర్పిన పెద్దాయన బ్రిటిష్ రైల్‌లో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. ఇక్కడి పద్ధతి ప్రకారం అందరూ ఆయన్ని పేరు పెట్టి పిలుస్తారు. నాకు మాత్రం నోరు రాలేదు, ‘సర్’ అనేవాణ్ని. కొన్నాళ్లు వారించి, చివరికి ఊరుకున్నారు.

ఆయన నాకు మొదట ఇచ్చిన పని జనరేటర్ శుభ్రం చేయడం. తిరిగే భాగం నుంచి కరెంటు అందుకునే కార్బన్ బ్రష్‌లు రాసుకుని రాలిన నల్లటి పొడి లోపలంతా పేరుకుంటుంది. అది కరెంటును పట్టుకునే పొడి. దానికి తేమ తోడైతే ఇన్సులేషన్ పడిపోతుంది. వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టం, గుడ్డ, టార్చి పట్టుకుని మూలమూలా తుడిచి, ఒక్కొక్క బ్రష్‌నీ హోల్డర్‌లోంచి తీసి పొడవు కొలిచి, స్ప్రింగ్ సరిగా ఒత్తుతోందో లేదో చూసి మళ్లీ పెట్టాలి. ఆ తరవాత మెగ్గర్ అనే మీటరు పెట్టి ఇన్సులేషన్ రెసిస్టెన్స్ చూశాం, అది ఎక్కువ ఉంటేనే మంచిది. రీడింగ్ తక్కువగా వచ్చింది. పొడి అంతా పోయింది కదా అని నేను దిగాలు పడ్డాను. పెద్దాయన కంగారు పడలేదు. తేమ అన్నారు. జనరేటర్ దగ్గర హీటర్ పెట్టి, పైన టార్పాలిన్ కప్పి వదిలేశాం. తరవాతి వారం వచ్చి చూస్తే ముల్లు చక్కగా పైకి లేచింది. ఆడకుండా నిలబడిపోయిన డీజిల్ లోకోకి మొదటి శత్రువు తుప్పు కాదు, తేమ. ఆ చలికాలం నేను నేర్చుకున్నవాటిలో అన్నిటికంటే ఉపయోగపడుతున్నది ఇదే.

ఇక స్టార్ట్ చేయడం. బటన్ నొక్కితే నడిచేదే కదా అన్నవాళ్లను ఒకసారి ఈ పనికి పిలుచుకురావాలనిపిస్తుంది.

చాలాకాలం ఆగి ఉన్న ఇంజన్‌ని మోటారుతో ఒక్కసారిగా తిప్పకూడదు. కూలింగ్ నీళ్లు ఏ సీలు దగ్గరో కారి సిలిండర్‌లోకి చేరి ఉండొచ్చు. గాలి నలుగుతుంది కానీ నీళ్లు నలగవు. పిస్టన్ పైకొచ్చి ఆ నీళ్లకు కొట్టుకుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అందుకని ముందు సిలిండర్లకుండే చిన్న కుళాయిల్లాంటి టెస్ట్ కాక్‌లన్నీ తెరిచి, బార్‌తో క్రాంక్‌షాఫ్ట్‌ని చేత్తో కొంచెం కొంచెంగా తిప్పాలి. దీన్ని బారింగ్ అంటారు. నేను బార్ మీద బరువంతా వేసి లాగుతుంటే పెద్దాయన ఒక్కొక్క కాక్ దగ్గర అరచేయి పెట్టి చూసేవారు. పిస్టన్ పైకొస్తున్నప్పుడు కాక్‌లోంచి ‘ఉస్స్’ మని గాలి వస్తుంది. గాలితో పాటు సన్నటి నూనె తుంపర వస్తే మంచిదే. నీటి చుక్క వస్తే పని అక్కడితో ఆపేయాలి. చివరి వరసకు వచ్చాక ఆయన పక్కకు జరిగి నా చెయ్యి పెట్టించారు. వెచ్చగా ఉండదు, చల్లటి గాలే. కానీ అంత పెద్ద ఇనప దిమ్మ లోపల నేను తిప్పిన తిప్పుకే ఊపిరి కదిలినట్టు అరచేతికి తెలిసింది.

తరవాత డిప్‌స్టిక్ తీసి నూనె చూడాలి. మట్టం ఒక్కటే కాదు, రంగు కూడా. నూనె పాలకలిసినట్టు తెల్లబారితే లోపల నీళ్లు కలిసినట్టే. కూలింగ్ నీళ్ల హెడర్ ట్యాంకు గ్లాసులో నీటి మట్టం, ఇంధనం, హ్యాండ్‌బ్రేక్ చూసుకోవాలి. అన్నీ సరిపోయాక బ్యాటరీ స్విచ్ వేస్తాం. 110 వోల్టుల బ్యాటరీలు మెయిన్ జనరేటర్‌నే మోటారుగా మార్చి ఇంజన్‌ని తిప్పుతాయి. స్టార్ట్ బటన్ నొక్కి పట్టుకుంటే మొదట ఒక మూలుగు. క్యాబ్ దీపాలు మసకబారతాయి. ఒక సిలిండర్ అంటుకుంటుంది, ఆగుతుంది, ఇంకోటి అందుకుంటుంది, ఆపైన అన్నీ కలిసి నిమిషానికి 450 చుట్ల దగ్గర కుదురుకుంటాయి. పైకప్పు మీంచి తెల్లటి పొగ లేచి షెడ్ నిండిపోతుంది, అందుకే తలుపులు ముందే బార్లా తెరిచి పెడతాం. ఆ చప్పుడు వినడానికే దూరదూరాల నుంచి జనం వస్తారు. చప్పుడు కుదురుకున్నా నేను ముందు చూడాల్సింది ఆయిల్ ప్రెషర్ ముల్లు. అది లేవకపోతే వెంటనే ఆపేయాలి.

వసంతంలో లైన్ మీద శిక్షణ మొదలైంది. సెకండ్‌మన్‌కి ఒంటికి కష్టమైన పని కప్లింగ్. మా దగ్గరున్నవి పాత మార్క్ 1 బోగీలు. అవి ఒకదానికొకటి బక్‌ఐ అనే, పిడికిళ్లలా పట్టుకునే కప్లర్‌తో తగులుకుంటాయి. లోకోకి మాత్రం కొక్కేనికి వేసి మరతో బిగించే స్క్రూ కప్లింగ్ ఉంటుంది. అందుకని లోకో తగిలించే చివర బక్‌ఐని కిందికి దించి, బఫర్లను (తాకిడిని ఓర్చే గుండ్రటి దిమ్మలను) బయటికి లాగి, అవి లోపలికి జరగకుండా శాడిల్స్ అనే ఇనప ముక్కలు వేయాలి. రెండు వాహనాల మధ్యలోకి దిగేముందు డ్రైవర్ కళ్లలోకి చూసి, ‘దిగుతున్నాను’ అని చెప్పి, ఆయన ‘సరే’ అన్నాకే వంగి వెళ్లాలి. ఆయన తల ఊపితే చాలదు, నోటితో చెప్పాలి. నేను బయటికొచ్చి చెప్పేదాకా ఆయన కంట్రోళ్ల మీద చెయ్యి వేయరు. ఈ మాటా మాటా చెప్పుకోవడం మొదట్లో అతిగా అనిపిస్తుంది. ఒకసారి ఆ రెండు బఫర్ల మధ్య నిలబడితే, వంద టన్నులు దాటిన లోకో పక్కనే బుసకొడుతుంటే, ఒక్క మాట కూడా ఎక్కువ కాదని అర్థమవుతుంది.

ముందు బరువైన కప్లింగ్‌ని ఎత్తి బోగీ కొక్కేనికి వేయాలి. చేతులతో కాదు, మోకాళ్లు వంచి కాళ్ల బలంతో ఎత్తాలి. తరవాత స్క్రూ బిగించాలి. ఆ తరవాత వ్యాక్యూమ్ గొట్టాలు (వీటిలోంచి గాలి లాగేస్తేనే బ్రేకులు వదులుతాయి) కలిపి పిన్ను వేయాలి. అప్పుడు బ్రేక్ టెస్ట్. గేజీలో 21 అంగుళాల వ్యాక్యూమ్ వచ్చాక, వెనకనుంచి గార్డు వాల్వ్ తెరుస్తారు. మన క్యాబ్‌లో ముల్లు పడిపోవాలి. పడిందంటే బ్రేక్ పైపు బండి చివరిదాకా కలిసి ఉందని రుజువు. ఏ బండైనా ఇది కాకుండా కదలదు.

మా లైన్ సింగిల్ లైన్. ఆ సెక్షన్ టోకెన్ క్యాబ్‌లో లేకుండా అడుగు ముందుకు వేయకూడదు. సిగ్నల్‌మన్ చేతిలోంచి అందుకుని, దానిమీద రాసి ఉన్న సెక్షన్ పేరు నేను పైకి చదవాలి, డ్రైవర్ కూడా చదవాలి. గంటకు 25 మైళ్లు దాటం. క్లాస్ 37కి అదొక నడక లాంటిది. కానీ నెమ్మదిగా పోతున్నామని సిగ్నల్ నుంచి కన్ను తీయకూడదు. లెవెల్ క్రాసింగుల దగ్గర, పిల్లలు ప్లాట్‌ఫారం అంచుకు వచ్చే స్టేషన్లలో నా వైపు కిటికీయే డ్రైవర్‌కి రెండో కన్ను.

రూల్ బుక్ చదువు సాయంత్రాలు సాగింది. పాత బ్రిటిష్ రైల్ నిబంధనలే ఆధారం, ఒక్కో రైల్వే తనకు తగ్గట్టు మార్చుకుంటుంది. బట్టీ పట్టడం కంటే ప్రతి రూల్ వెనక ఏ ప్రమాదం ఉండి ఉంటుందో ఊహించుకుంటూ చదివితే బుర్రలో నిలుస్తుంది.

పరీక్ష రోజున ఇన్‌స్పెక్టర్ క్యాబ్‌లో మాతోనే ఎక్కారు. పొద్దున లోకో ప్రిపరేషన్ నుంచి సాయంత్రం షెడ్‌లో పెట్టేదాకా నా వెనకే ఉన్నారు. మధ్యమధ్యలో ప్రశ్నలు. రెండు చేతులూ పైకెత్తి ఎవరైనా నిలబడితే ఏం చేస్తావు? ఆపాలి, ఎవరన్నది చూడక్కర్లేదు. ఎత్తు ఎక్కుతుండగా ఇంజన్ ఆగిపోతే? బండిని బ్రేకుతో నిలబెట్టాకే కారణం వెతకాలి: ఆయిల్ ప్రెషరా, కూలింగ్ నీళ్లా, ఇంజన్ వేగాన్ని అదుపు చేసే గవర్నర్ ట్రిప్పయిందా. బండికి రక్షణగా డిటొనేటర్లు (చక్రం ఎక్కితే పేలి డ్రైవర్‌ని హెచ్చరించేవి) ఎక్కడ పెడతావు? డ్రైవర్‌కి స్పృహ తప్పితే? ఈ చివరిదానికి డ్రైవర్ కాలితో తొక్కి ఉంచే పెడల్ గురించి చెప్పాను. పెడల్ మీద కాలు తీస్తే కొన్ని సెకన్లలో బ్రేకులు వాటంతటవే పడతాయి. ‘అది పనిచేయకపోతే?’ అన్నారు. బ్రేక్ హ్యాండిల్ చూపించి, ఎలా వేస్తానో చేసి చూపించాను. సాయంత్రం ఇంజన్ ఆపి, హ్యాండ్‌బ్రేక్ బిగించి, బ్యాటరీ స్విచ్ తీసి కిందికి దిగాక కాగితం మీద సంతకం పెట్టారు. పెద్దాయన నా భుజం తట్టి, ‘ఇక నన్ను సర్ అనడం మానెయ్’ అన్నారు. ఇంకా మానలేదు.

ఆ సంతకం క్లాస్ 37 వరకే. షెడ్‌లో క్లాస్ 20 కూడా ఒకటుంది. వెయ్యి హార్స్‌పవర్, ఎనిమిది సిలిండర్లు, క్యాబ్ ఒకే చివర ఉంటుంది. దానికి విడిగా నేర్చుకుని విడిగా పాసవ్వాలి. ఇప్పుడు ఆ పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. చేరాలనుకునేవాళ్లు ఎండాకాలం బండ్లు తిరిగే రోజుల్లో కాకుండా నవంబరులో మీ దగ్గరలోని రైల్వే షెడ్‌కి వెళ్లి అడగండి. అప్పుడే వాళ్లకు చేతులు కావాలి, అప్పుడే నేర్పడానికి తీరిక ఉంటుంది. పాత బూట్లు వేసుకెళ్లండి.