సాక్షి తలుపు తోసుకుని రాడు

ఎస్వీ యూనివర్సిటీలో మూడేళ్ల లా కోర్సులో చేరేనాటికి నాకు తెలిసిన న్యాయశాస్త్రమంతా సినిమా హాళ్లలో అబ్బిందే. జడ్జి సుత్తి కొట్టాలి, సాక్షి భగవద్గీత మీద చెయ్యి వేయాలి, హీరో గొంతు చించుకోవాలి. మన కోర్టుల్లో సుత్తి లేదు. ప్రమాణానికి గ్రంథమూ అక్కర్లేదు. 1969 నాటి చట్టం ప్రకారం దేవుడి పేరు మీద చేయవచ్చు, ఇష్టం లేనివారు సత్యనిష్ఠతో చెబుతున్నానని అంటే చాలు. ఇవి చిన్న తప్పులు, క్షమించవచ్చు. లా కాలేజీని చూపించే తీరే నాకు మింగుడుపడదు.

సినిమాలో లా కాలేజీ అంటే గేటు దగ్గర నాలుగు మోటారు సైకిళ్లు, ఒక ఎన్నికల గొడవ, ఒక పాట. హీరో పుస్తకం తెరవగా ఎవరూ చూడరు. మా క్లాసులో ముందు బెంచీ ఒక రిటైరైన ఎస్సైగారిది. శ్రీకాళహస్తి నుంచి బస్సులో వచ్చేవారు. ఆయన వెనక ఇద్దరు పిల్లల తల్లి ఒకావిడ, ఆ వెనక మా బోటి కుర్రవాళ్లం. ఎస్సైగారిని అందరం 'సార్' అనేవాళ్లం, పాఠం చెప్పే లెక్చరరుగారితో సహా.

అసలు కథలన్నీ పాఠాల్లోనే ఉన్నాయి. కాంట్రాక్టు చట్టం చెబుతూ లెక్చరరుగారు 1913 నాటి అలహాబాదు హైకోర్టు తీర్పు ఒకటి ఎత్తుకున్నారు, లాల్‌మన్ శుక్లా కేసు. యజమాని ఇంటి పిల్లవాడు తప్పిపోతే వెతకడానికి గుమాస్తాను హరిద్వార్ పంపారు. అతను వెళ్లాక, పిల్లవాడి ఆచూకీ తెలిపినవారికి 501 రూపాయలిస్తామని కరపత్రాలు వేశారు. ఆ సంగతి తెలియకుండానే గుమాస్తా పిల్లవాణ్ణి కనిపెట్టాడు. తర్వాత బహుమతికి దావా వేస్తే ఓడిపోయాడు. తెలియని ప్రతిపాదనకు అంగీకారం ఎక్కడిది? లెక్చరరుగారు అంతటితో ఆగక కేసును అలిపిరికి తెచ్చారు. తప్పిపోయినవారి పేర్లు కొండ మీద మైకులో వినని తిరుపతివాడు ఉండడు. మైకులో బహుమతి ప్రకటించారనుకుందాం, అది వినకుండానే మెట్లదారిలో దుకాణదారు పిల్లవాణ్ణి అప్పగిస్తే? "పిల్లవాడు దొరికాడు కదా సార్, డబ్బులివ్వడానికి ఏం నొప్పి?" అన్నారు ఎస్సైగారు. సగం క్లాసు ఆయన పక్షం. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

హార్వర్డ్ లా స్కూలు మీద 1973లో తీసిన 'ది పేపర్ చేజ్' ఒక్కటే నాకు కాస్త నచ్చింది. మొదటి క్లాసులోనే ప్రొఫెసరు ఒక విద్యార్థిని లేపి, ఆపరేషన్ తర్వాత అరచేతిలో వెంట్రుకలు మొలిచిన ఒక మనిషి కేసు గురించి అడుగుతాడు. కేసు నిజమైనదే. చదవకుండా వచ్చినవాడి ముఖం కూడా నిజమైనదే.

రెండు కేసుల విచారణ చూసి రికార్డు రాస్తే 30 మార్కులు. అది బార్ కౌన్సిల్ నియమం. వాటికోసం చిత్తూరు కోర్టుకు వెళ్లేవాళ్లం. సినిమాలో చివరి నిమిషంలో తలుపు తోసుకుని సాక్షి వస్తాడు. ఇక్కడ పిలిచిన సాక్షే రాడు. జాబితాలో లేనివాణ్ణి పిలిపించాలంటే అప్పట్లో క్రిమినల్ కేసుల విచారణ పద్ధతి చెప్పే సీఆర్‌పీసీలోని 311 సెక్షను కింద పిటిషను, అవతలివారి కౌంటరు, వాదనలు, ఉత్తర్వు, మధ్యలో వాయిదాలు.

ఒకరోజు, రాత్రివేళ రాసిన పంచనామా (సాక్షుల ఎదుట పోలీసులు రాసుకునే కాగితం) మీద అవతలి పక్షం సాక్షిని ఒక పెద్ద వకీలుగారు క్రాస్, అంటే ఎదురు ప్రశ్నలు, చేస్తున్నారు. అక్కడ బల్ల ఉందా? లేదు. వీధిదీపం ఉందా? లేదు. కాగితాలు అక్కడే రాశారా? అక్కడే. వకీలుగారు "సరే" అని కూర్చున్నారు. నేను తెల్లబోయాను. చీకట్లో ఎలా రాశారని గర్జించాల్సిన చోటు కదా అది! బయట టీ తాగుతూ ఎస్సైగారు చెప్పారు: "ఆ మాట అడిగి ఉంటే టార్చిలైటు ఉందని చెప్పేవాడు. బోనులో నేనున్నా అదే చెప్పేవాణ్ణి." సినిమా హీరో ఆ నాలుగో ప్రశ్న అడగకుండా ఉండలేడు. చప్పట్లన్నీ దానికే మరి.

2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్యకు శిక్ష చెప్పే సెక్షను 302 నుంచి 103కు మారింది. కొత్త 302 మతభావాలను గాయపరిచే మాటలకు సంబంధించినది. మొన్న ఎస్సైగారు ఫోను చేశారు. ఏదో కొత్త సినిమాలో ఇన్‌స్పెక్టరు ఇంకా 302 అంటూనే బేడీలు వేస్తున్నాడట. "హంతకుణ్ణి నోటి దురుసు కింద తీసుకుపోతున్నారయ్యా, బెయిలు తేలిగ్గా వస్తుంది" అన్నారు.