అట్టకి పనికొచ్చే ఫొటో

మంగళవారం, బరంపురం

పొద్దున్నే విజయవాడ పబ్లిషరు నుంచి మెయిలు. గోపాలపురం బీచిలో పాత జెట్టీ స్తంభాల ఫొటో ఒకటి తీశాను కదా, అది నవల అట్టకి కావాలట. 500 కాపీలు వేస్తారట, రెండు వేలు ఇస్తారట. తెలుగు పుస్తకం వేసేవాళ్ల జేబు సంగతి తెలిసినవాణ్ణి, డబ్బు తక్కువని అనను. కింద మాత్రం, ఫొటో మీద సర్వహక్కులూ తమవేనని ఓ వాక్యం పెట్టారు. అక్కడే ఆగాను.

టీ తాగుతూ జవాబు రాశాను. మొదటి ముద్రణకి, ముందు అట్ట మీద, తెలుగు పుస్తకానికి మాత్రమే. ఈ-బుక్ కలుపుకోండి, పర్వాలేదు. రేపు ఇంగ్లీషులోకి అనువాదమైతే మళ్లీ మాట్లాడుకుందాం. లోపలి పేజీలో నా పేరు వేయాలి, రెండు కాపీలు పంపాలి. ఇదేం గొంతెమ్మ కోరిక కాదు. ఇంగ్లండులో ట్రెవిలియన్ అని అట్ట బొమ్మలకే పేరుపడ్డ ఏజెన్సీ ఉంది. అలాంటిచోట ఎన్ని కాపీలు, ఏ దేశాలు, ఎన్నేళ్లు అని అడిగాకే ధర చెబుతారు. మన 1957 కాపీరైట్ చట్టమూ మరీ గుడ్డిది కాదు. హక్కులు రాసివ్వాలంటే సంతకం పెట్టిన కాగితం ఉండాలి, గడువు రాయకపోతే ఐదేళ్లే, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. ఫొటో మీద హక్కేమో తీసినవాడు బతికున్నన్నాళ్లూ, పోయిన మరుసటి ఏడాది నుంచి ఇంకో 60 ఏళ్లూ నడుస్తుంది. అలాంటిదాన్ని రెండు వేలకి ఒక్కసారే ధారపోయమంటే ఎలా?

తరవాత మధ్యాహ్నం దాకా పర్లాకిమిడి పెళ్లి ఆల్బమ్ పని. అందులో పెళ్లికూతురు వెనక నుంచి ఒకటుంది. పూలజడ, తలుపు సందులోంచి పడ్డ వెలుగు, పైన సగం ఫ్రేమంతా నీడ. డిజైనర్లు చూస్తే వదలరు. ఆ నీడలో పేరు ఎంత పెద్ద అక్షరాల్లో అయినా పడుతుంది. కానీ అమ్మడానికి లేదు. డబ్బు తీసుకుని ఒకరి కోసం తీసిన ఫొటోకి, వేరే ఒప్పందం రాసుకోకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. నా హార్డ్‌డిస్కులో అట్టకి సరిపోయే బొమ్మలు సగం ఇలాంటివే. పోనీ ఆ పిల్ల నాన్నని అడుగుదామా అంటే, "మా పిల్ల జడ పుస్తకం మీదేటి బాబూ" అంటాడు. అనకపోతేనే ఆశ్చర్యం.

నాకు అర్థమైనంతలో, గోడకి తగిలించుకునే మంచి ఫొటో అట్టకి పనికిరాదు. దానిలో చెప్పాల్సిందంతా చెప్పేసి ఉంటుంది. అట్టకి కొంచెం వెలితి ఉన్నది కావాలి. మనిషి ఉంటే వీపు చాలు, మొహం చదివేవాళ్లు ఊహించుకుంటారు. నిలువుగా తీయాలి, పైన ఖాళీ వదలాలి. డెమీ సైజు పుస్తకం ఐదున్నర ఇంచీలు, ఎనిమిదిన్నర ఇంచీలు. ఇంచీకి 300 చుక్కల (డీపీఐ) లెక్కన 1650, 2550 పిక్సెళ్లు చాలు, నా పాత కెమెరాకి అదో లెక్కా? కాకపోతే కత్తిరింపుకి చుట్టూ మూడు మిల్లీమీటర్లు వదలాలి. స్తంభాన్ని అంచుకి ఆనించి తీశామో, ప్రెస్సు కత్తి కింద పోతుంది. వెనకట్ట దాకా చుట్టాలంటే మాత్రం అడ్డంగా తీసింది కావాలి. పెళ్లిళ్లలో నేను అడ్డంగా తీసే ప్రతిచోటా ఒకటి నిలువుగా కూడా తీస్తుంటే అసిస్టెంటు కుర్రాడు నవ్వుతాడు.

సాయంత్రం బండేసుకుని గోపాలపురం వెళ్లాను. ఆ ఫొటోలో స్తంభాల ముందు భుజాన వలతో నిలబడ్డ తాత కోసం. మొహం కనపడదు కాబట్టి, బొమ్మ వాడుకోడానికి ఒప్పుకున్నట్టు సంతకం అక్కర్లేదనేవాళ్లున్నారు. నేను మాత్రం తీసుకుంటాను. కాగితం ఇంగ్లీషులో ఉంది, అక్కడి జాలరిపేటలో మాటేమో తెలుగు, పిల్లల చదువు ఒడియా. కూర్చుని వాక్యం వాక్యం చెప్పాను.

"మొకం నేకపోతే నానని ఎవులికి తెలుస్తాది బాబూ?" అన్నాడు.

ఇంట్లోంచి కోడలు ఫోన్లో బొమ్మ చూసి, "ఆ నడుం వంపు సూత్తే పేటంతా సెప్పేత్తాది మావా" అంది. నా సంతకాల చాదస్తానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఎవరు చెబుతారు?

కథ దేని గురించని అడిగాడు. ఈ రేవునుంచి ఓడెక్కి రంగం, అదే రంగూన్, వెళ్లినవాళ్ల గురించట, మెయిల్లో అంతే రాశారు అన్నాను. వాళ్ల నాన్న కూడా రంగం పోయి వచ్చినవాడే. కాసేపు ఆ ఓడల మాటే. చివరికి కాగితం చేతిలోకి తీసుకుని, "ఆ కతలో ఈ మనిసి మంచోడేనా?" అన్నాడు.

ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. ఏజెన్సీ కాగితాల్లో దీనికో క్లాజు ఉంటుంది, మనిషిని అవమానంగా చూపే చోట బొమ్మ వాడకూడదని. తాత అడిగాక అది లాయరు మాటలా అనిపించలేదు. అక్కడి నుంచే విజయవాడకి మెసేజ్ పెట్టాను. కనుక్కున్నాకే వేలిముద్ర అన్నాడు తాత, నేనూ సరే అన్నాను. వచ్చే డబ్బులో ఐదొందలు ఆయనకని చెబితే, పేటలో ఎవరికీ చెప్పొద్దని కోడలికి సైగ చేశాడు.

ఇల్లు చేరేసరికి జవాబు వచ్చింది. ఐదేళ్లు రాసుకుందాం, ఈలోపు ఎన్ని ముద్రణలైనా వేసుకుంటాం అంటున్నారు. పేరు వేయడానికీ కాపీలకీ ఒప్పుకున్నారు. ఐదేళ్లయితే మూడు వేలు అడుగుతాను. నవల్లో ముసలాయన కొడుకుని ఓడెక్కించి వచ్చి అప్పు తీర్చినవాడట, చెడ్డవాడేం కాదట. రేపు గుణుపురంలో పెళ్లి ఉంది, కాబట్టి తాత వేలిముద్ర ఎల్లుండే. ఇంకుప్యాడు కొనాలి.