ఆ అంకె ఎన్ని గంటలకు రాశారు?

వైరల్ ఇన్ఫెక్షన్‌తో ఆసుపత్రిలో చేరినవాళ్లలో ఎవరి పరిస్థితి విషమిస్తుందో ముందే చెప్పే కంప్యూటర్ మోడల్ మేం మొదటిసారి తయారు చేసినప్పుడు, ఏయూసీ దాదాపు 1 వచ్చింది. తెలియనివాళ్ల కోసం చెప్తాను. చనిపోయిన ఒక పేషెంట్‌నీ కోలుకుని ఇంటికెళ్లిన ఒక పేషెంట్‌నీ పక్కపక్కన పెడితే, మోడల్ ఎన్నిసార్లు మొదటివాళ్లకే ఎక్కువ రిస్క్ ఇస్తుందో చెప్పే కొలత అది. 0.5 అంటే బొమ్మా బొరుసూ వేసినట్టే, 1 అంటే ఒక్కసారి కూడా తప్పలేదని. ఆ రాత్రి సంతోషంతో నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు వార్డు చూసే డాక్టర్ గారికి చూపించాను. ఆవిడ ఏయూసీ వంక చూడనే లేదు. మోడల్ దేన్ని చూసి అలా చెప్తోందో ఆ జాబితా తీయమని, అన్నిటికంటే పైనున్న పేరు మీద వేలు పెట్టి, "ఈ టెస్టు మేం ఎప్పుడు రాస్తామో తెలుసా అమ్మా?" అన్నారు.

అది బ్లడ్ గ్యాస్ టెస్టు. మణికట్టు దగ్గర ధమనిలోకి సూది దించి రక్తం తీస్తారు, బాగా నొప్పి పెడుతుంది, అందుకే ఊరికే ఎవరికీ రాయరు. మనిషి ఆయాసపడుతున్నాడు, ఏదో తేడాగా ఉంది అని డాక్టర్‌కి అనిపించాకే రాస్తారు. మా మోడల్‌కి ఆ టెస్టు ఫలితంతో కూడా పని లేకపోయింది, టెస్టు రాశారా లేదా అన్నది చాలు. అంటే డాక్టర్ గారి కంగారుని కేస్ షీట్‌లో చదివి, దాన్నే తిరిగి డాక్టర్ గారికి అప్పజెప్తోంది.

ఇది మా ఒక్కళ్ల సమస్య కాదని తర్వాత చదివితే తెలిసింది. 2018లో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో 272 రకాల ల్యాబ్ టెస్టులు పరిశీలించారు. వాటిలో 233 టెస్టులకు, ఫలితం ఎంత వచ్చిందన్నది పక్కన పెట్టేసినా, టెస్టు రాశారన్న ఒక్క విషయానికే పేషెంట్ బతకడం బతకకపోవడంతో సంబంధం కనిపించింది. తెల్లవారుజామున 3 గంటలకు హడావిడిగా తీసిన రక్తం, ఉదయం అందరితో పాటు తీసిన రక్తం, రెండిట్లో అంకె ఒకటే రావచ్చు, కానీ వాటి వెనకున్న కథ ఒకటి కాదు.

అప్పటి నుంచి ఏ మోడల్ చూసినా నేను మొదట అడిగేది ఇదే: ఈ అంకె ఎన్ని గంటలకు రాశారు, మోడల్‌ని మనం ఎన్ని గంటలకు అడగబోతున్నాం?

మేం మళ్లీ మొదటికొచ్చాం. అడ్మిట్ అయిన 6 గంటల దగ్గర గీత గీసి, ఆ తర్వాత నమోదైనదంతా తీసేశాం. చెప్పినంత సులువు కాలేదు. ఉదాహరణకి జబ్బుల కోడ్‌లు. పేషెంట్‌కి షుగర్ ఉంది, కిడ్నీ జబ్బు ఉంది అన్న కాలమ్‌లు ముందు నుంచీ తెలిసిన సంగతులే కదా అనుకున్నాం. తీరా చూస్తే ఆ కోడ్‌లలో చాలా భాగం డిశ్చార్జి అయ్యాక ఫైల్ మూసేటప్పుడు ఎక్కించినవి, 'శ్వాసకోశ వైఫల్యం' అన్న కోడ్ కూడా ఆ వరుసలోనే ఉంది. జరిగిపోయినదాన్ని మోడల్ చేతిలో పెట్టి, జరగబోయేది చెప్పమని అడిగామన్నమాట. అవన్నీ తీసేశాక ఏయూసీ బాగా పడిపోయింది. మనసు చివుక్కుమంది, ఒప్పుకుంటాను. కానీ రాత్రి 11 గంటలకు ఒక కొత్త పేషెంట్ వస్తే నిజంగా చేతిలో ఉండేది అంతే.

ఇదే పొరపాటు పెద్ద స్థాయిలోనూ జరిగింది. 2020 మే నెలలో చైనాలోని వూహాన్ కోవిడ్ పేషెంట్ల డేటాతో ఒక మోడల్ వచ్చింది. 485 మంది పేషెంట్లు, మూడే మూడు రక్త పరీక్షలు: ఎల్‌డీహెచ్ (కణాలు దెబ్బతింటే పెరిగే ఎంజైమ్), లింఫోసైట్లనే తెల్ల రక్తకణాల శాతం, సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఉంటే పెరిగే ప్రొటీన్). ఎవరు చనిపోతారో 90 శాతానికి పైగా కచ్చితత్వంతో, 10 రోజులకు పైగా ముందే చెప్పగలదన్నారు. ఆ రోజుల్లో ఆ మాట ఎంత ఆశ పుట్టించిందో నాకు బాగా గుర్తు. మోడల్‌కి నేర్పించింది మాత్రం ప్రతి పేషెంట్‌కీ చివరిసారి తీసిన రక్తంతో. చివరి శాంపిల్ నాటికి ఎవరు కోలుకుంటున్నారో ఎవరు చేయి దాటిపోతున్నారో రక్తంలో కనబడుతూనే ఉంటుంది. నెదర్లాండ్స్‌లో, న్యూయార్క్‌లో వేరేవాళ్లు దాన్ని తమ పేషెంట్ల మీద, ఆసుపత్రిలో చేరినప్పటి రక్తంతో పరీక్షిస్తే ఆ పనితనం కనిపించలేదు. డేటానీ ప్రోగ్రామ్ కోడ్‌నీ అందరికీ ఇచ్చినందుకు వూహాన్ మోడల్ చేసిన పరిశోధకులను మెచ్చుకోవాలి, వాళ్లు ఇవ్వకపోతే లోపం ఇంత త్వరగా బయటపడేది కాదు.

దీనికి పూర్తి భిన్నంగా నడిచింది బ్రిటన్‌లో కోవిడ్ పేషెంట్లకు చనిపోయే ప్రమాదం లెక్కగట్టడానికి చేసిన 4సీ మోర్టాలిటీ స్కోర్. నాకు చాలా ఇష్టమైన పని ఇది. ఎనిమిదే విషయాలు అడుగుతుంది: వయసు, ఆడా మగా, ఇతర జబ్బులు ఎన్ని, నిమిషానికి ఎన్ని శ్వాసలు, ఆక్సిజన్ శాచురేషన్, స్పృహ ఎలా ఉంది, యూరియా, సీఆర్‌పీ. అన్నీ పేషెంట్ చేరిన కాసేపట్లోనే దొరికేవి. 35 వేల మందికి పైగా పేషెంట్లతో తయారు చేసి, ఆ తర్వాత వచ్చిన మరో 22 వేల మంది మీద సరిచూశారు. స్కోర్ 0 నుంచి 21 దాకా. 3 లేదా అంతకంటే తక్కువ ఉన్నవాళ్లలో చనిపోయింది 1 శాతం, 15 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నవాళ్లలో 62 శాతం. ఏయూసీ 0.77 దగ్గర ఉంది. ఎక్స్‌జీబూస్ట్ అనే సంక్లిష్టమైన మెషిన్ లెర్నింగ్ పద్ధతితో పోల్చి చూసినా పెద్ద తేడా రాలేదు. మొదట్లో నేనైతే 0.77 అన్న మాట వింటేనే పెదవి విరిచేదాన్ని, ఇప్పుడు 0.98 అంటే భయమేస్తుంది.

కచ్చితత్వం శాతాల గురించి కూడా ఒక్క మాట. 100 మందిలో 5 గురు చనిపోయే జబ్బులో "అందరూ బతుకుతారు" అని కళ్లు మూసుకుని చెప్పే మోడల్‌కి 95 శాతం కచ్చితత్వం వస్తుంది. ఎవరైనా కచ్చితత్వం అంకె ఒక్కటే చూపిస్తే అక్కడే ఆపి అడగండి.

ఇక కాలం. వైరస్ మారుతుంది, అంతకంటే ముందు వైద్యం మారుతుంది. 2020 జూన్‌లో, కోవిడ్ మందులను పరీక్షించడానికి బ్రిటన్‌లో చేసిన రికవరీ ట్రయల్ ఫలితాలు వచ్చాయి. డెక్సామెథసోన్ అనే పాత, చవకైన స్టెరాయిడ్ వెంటిలేటర్ మీదున్న కోవిడ్ పేషెంట్ల మరణాల్ని మూడో వంతు, ఆక్సిజన్ మీదున్నవాళ్ల మరణాల్ని ఐదో వంతు తగ్గించింది. మార్చి, ఏప్రిల్ డేటాతో నేర్చుకున్న మోడల్‌కి ఈ సంగతి తెలియదు. ఎవరు ఎక్కువ ప్రమాదంలో ఉన్నారో, ఎవరు తక్కువో ఆ వరుస సరిగ్గానే చెప్పొచ్చు, అందుకని ఏయూసీ కూడా బాగానే కనిపిస్తుంది. కానీ 40 శాతం రిస్క్ అని చెప్పిన గుంపులో నిజంగా పోయేది అంతకంటే చాలా తక్కువ మంది. దీన్నే కాలిబ్రేషన్ తప్పడం అంటాం. ఇంటివాళ్లని కూర్చోబెట్టి మాట్లాడాల్సి వచ్చినప్పుడు డాక్టర్ నోటి నుంచి వచ్చేది ఏయూసీ కాదు, ఆ 40 అన్న అంకె. అది తప్పైతే ఎంత మనోవేదనో ఆలోచించండి.

అంకె పుట్టే చోటే తేడా ఉండొచ్చు కూడా. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ చర్మం రంగు ముదురుగా ఉన్నవాళ్లలో ఆక్సిజన్‌ని ఉన్నదానికంటే ఎక్కువగా చూపించే అవకాశం ఎక్కువ. 2020 డిసెంబర్‌లో అమెరికా పేషెంట్ల మీద వచ్చిన అధ్యయనంలో, మీటర్ బాగానే ఉందని చూపించినా రక్తంలో ఆక్సిజన్ పడిపోయి ఉండటం తెల్లవాళ్లలో కంటే నల్లజాతి పేషెంట్లలో దాదాపు 3 రెట్లు ఎక్కువగా కనిపించింది. చాలా మోడళ్లు శాచురేషన్ తీసుకుంటాయి. మీటర్ చేసిన తప్పుని మోడల్ అలాగే మింగేస్తుంది.

మా డేటాలో నన్ను బాగా కలవరపెట్టింది శ్వాసల కాలమ్. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడన్నది ఈ జబ్బుల్లో అన్నిటికంటే ముందు మారే సంకేతాల్లో ఒకటి. గ్రాఫ్ గీసి చూస్తే కొండలా ఉండాల్సింది పోయి రెండు స్తంభాలు నిలబడ్డాయి: 18, 20. ఎవరికి చూసినా 18, లేదంటే 20. రాత్రి డ్యూటీ సిస్టర్‌ని అడిగాను. ఆవిడ ఏమీ దాచలేదు. "నిమిషం మొత్తం మంచం పక్కన నిలబడే వీలు ఎక్కడుంటుంది మేడం, ఇంతమందికి ఒక్కదాన్ని. 15 సెకన్లు చూస్తాం, నాలుగుతో హెచ్చిస్తాం, మామూలుగా కనిపిస్తే 18 అని రాసేస్తాం" అంది. ఆవిడది తప్పని నేననను. అన్ని మంచాలకు ఒక్క మనిషిని పెట్టినవాళ్లది ఆ తప్పు. కానీ మోడల్ 18 అని చదివినప్పుడు అక్కడున్నది 26 కావచ్చు.

ఆ మాట పట్టుకుని డాక్టర్ గారు చేరిన మొదటి 6 గంటల్లో ఒక్కసారైనా పూర్తి నిమిషం లెక్కపెట్టేలా రాత్రికి ఇంకో మనిషిని ఇప్పించారు. మోడల్ ఇప్పుడు వెనకాల నడుస్తోంది, స్కోర్ ఎవరికీ కనిపించదు, ఎవరి వైద్యమూ దాన్ని బట్టి మారదు. రోజూ పొద్దున నేను స్కోర్ల కంటే ముందు శ్వాసల కాలమ్ తెరుస్తాను. 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చిస్తే బేసి అంకె రాదు కదా. మొన్నటి నుంచి 17, 23, 27 కనిపిస్తున్నాయి.